బాబీ ఆర్ మావోడు కాదు

బర్మాలో యాంగోన్ ఊరి లమ్మడా వీధిలో మంచుగడ్డతో రెండే పనులు. చేపల బుట్టల మీద కొట్టి పోయడం, చెరకు రసంలో వేయడం. దాని మీద మనుషులు బూట్ల కింద కత్తులు బిగించుకుని పరిగెత్తుతారని, చేతికర్రలతో ఒక నల్ల బిళ్ళను కొట్టుకుంటారని, దాని కోసం పళ్ళు రాలగొట్టుకుంటారని చెబితే ఆ వీధిలో ఎవరు నమ్ముతారు? అయినా కూర్మనాథం ఇరవయ్యేళ్ళకు పైగా చెబుతూనే ఉన్నాడు. వినేవాళ్ళు విన్నారు, నవ్వేవాళ్ళు నవ్వారు, అతని నోరు మాత్రం మూతపడలేదు.

అతని తాత శ్రీకాకుళం వైపు నుంచి అప్పట్లో రంగం అనే ఈ యాంగోన్ రేవుకు వచ్చి బస్తాలు మోశాడు. తండ్రీ అవే బస్తాలు మోశాడు. కూర్మనాథం మాత్రం ఆ రేవుకొచ్చే ఓడల్లోనే, ఇంజను గదిలో నూనె పోసే ఉద్యోగం సంపాదించాడు. ఒక శీతాకాలం అతనున్న ఓడ కెనడాలో హాలిఫాక్స్ రేవులో ఇరుక్కుపోయింది. యజమాని దివాలా తీశాడు, జీతాల్లేవు, ఇంటికి పంపించే దిక్కు లేదు. స్వదేశం చూస్తే తలుపులన్నీ మూసుకుని కూర్చున్న దేశం, అక్కడినుంచి ఒక్క కబురు రాదు. చర్చివాళ్ళు నావికుల కోసం నడిపే గదిలో ఒక ముసలాయన రోజూ వేడి టీ పోసి, పాత ఐస్ హాకీ ఆటల టేపులు వేసి చూపించేవాడు. ఆ టేపుల్లోనే కూర్మనాథం బాబీ ఆర్‌ను చూశాడు.

బాబీ ఆర్ ఉండవలసిన చోటు వెనక, కాపలా దగ్గర. కాపలావాడు కాపలా కాస్తే చాలు కదా, కాదు. బిళ్ళను తనవైపు నుంచే లాక్కుని, అందరినీ దాటుకుంటూ వెళ్ళి అవతలి గోల్‌లో వేసి, మళ్ళీ అందరికంటే ముందు వెనక్కొచ్చి నిలబడేవాడు. మోకాళ్ళు పాడై ముప్ఫయ్యేళ్ళకే ఆట మానేశాడు. ఆ ముక్క చెప్పినప్పుడల్లా కూర్మనాథం తన మోకాళ్ళు నిమురుకునేవాడు. సొంత తమ్ముడి మోకాళ్ళయినా అంత బాధపడి ఉండడు.

కొడుకు ఢిల్లేశ్వరరావు, అందరికీ ఢిల్లీ, ఈ కథలు వింటూ పెరిగి, ఊళ్ళోనే పబేడాన్ పేటలో ఫోన్లు బాగుచేసే కొట్లో పనికి కుదిరాడు. దేశంలోకి ఇంటర్నెట్ వచ్చేసరికి నాన్న నోటితో చెప్పిన ఆటంతా వాడి అరచేతిలోకి వచ్చింది. చూసి చూసి తండ్రికే ఎదురు తిరిగాడు. గొప్పవాడంటే వేన్ గ్రెట్‌స్కీ అన్నాడు. అతను వేసిన గోల్స్ అన్నీ తీసి పక్కన పెట్టినా, తోటివాళ్ళకు అందించి వేయించినవి మాత్రమే లెక్కేసినా, ఇంకెవరూ అతన్ని అందుకోలేరన్నాడు. కూర్మనాథం ఒప్పుకుంటాడా? పుల్లలా ఉండే మనిషి, చుట్టూ వస్తాదులను కాపలా పెట్టుకుని గోల్ వెనక నక్కి ఆడాడని ఎద్దేవా చేశాడు. అన్నం ముందు మొదలైన గొడవ చెయ్యి కడుక్కున్నాక కూడా సాగేది. మంచు మీద మీరెన్నిసార్లు జారినా చివరికి పడేది నా నెత్తి మీదేనని అతని భార్య సూర్యావతి కంచాలు తీసేది.

ఈ గొడవకు ఒక సాక్షి ఉన్నాడు. పై అంతస్తులో సింహాచలమ్మ కొడుకు భాస్కర్. ఢిల్లీ, భాస్కర్ ఒకే ఈడువాళ్ళు, ఒకరింట్లో తిని ఇంకొకరింట్లో పడుకుని పెరిగారు. సింహాచలమ్మ భర్త పోయాక పక్కనున్న లత పేటలో అట్ల బండి పెట్టుకుని భాస్కర్‌ను, కూతురు భానుప్రియను సాకింది. భాస్కర్ నెమ్మదస్తుడు. తగువు తన దాకా వస్తే తల గోక్కుని, "మరి మావయ్య సెప్పిందే నాయం" అనేవాడు. పెద్దవాడి మాట కొట్టెయ్యలేక అన్న మాట అది. కూర్మనాథం మాత్రం దాన్ని తన పక్షాన పడ్డ ఓటుగా జేబులో వేసుకున్నాడు.

రెండువేల ఇరవై ఒకటి ఫిబ్రవరిలో సైన్యం మళ్ళీ దేశాన్ని లాక్కుంది. పిల్లలంతా రోడ్డెక్కారు. మొదట్లో పాటలు, పూలు. తర్వాత ఇసుక బస్తాలు, రేకు డాళ్ళు. ఒకనాడు ఢిల్లీ వచ్చి తండ్రి పక్కన కూర్చుని, ఆటలో అందరికంటే గొప్పవాళ్ళు అయిదుగురి పేర్లు చెప్పమన్నాడు. తమ జట్టులో ఎవరి అసలు పేరు ఎవరికీ తెలియకూడదని నియమం పెట్టుకున్నారట. ఫుట్‌బాల్ వాళ్ళ పేర్లయితే పోలీసులకూ తెలుసు, ఈ ఆట పేర్లయితే యాంగోన్‌లో ఏ పోలీసు బుర్రకూ అందవన్నాడు. కూర్మనాథం మురిసిపోయాడు. భయపడవలసిన తండ్రి బడాయికి పోయి, ఒక్కొక్కరినీ వర్ణించాడు. గ్రెట్‌స్కీ. బాబీ ఆర్. యాభై దాటాక కూడా కన్నకొడుకులతో కలిసి ఆడిన గోర్డీ హౌ. కళ్ళల్లోంచి నిప్పులు రాలే మోరిస్ రిషార్. ముఖం పగిలాక, ఇక ముసుగు లేకుండా గోల్ కాయనని మొండికేసిన జాక్ ప్లాంట్. ఎవరు ఏ పేరు తీసుకున్నారో వాడు చెప్పలేదు, ఇతను అడగలేదు.

మార్చిలో ఫోన్లలో ఇంటర్నెట్ ఆగిపోయింది. ఢిల్లీ, భాస్కర్ ఇంటికి రావడం మానేశారు. భాస్కర్ కోసం సైనికులు రెండుసార్లు మెట్లెక్కి వచ్చి, సింహాచలమ్మ అటకలు కూడా దులిపి పోయారు. ఢిల్లీ పేరు ఎవరూ ఎత్తలేదు. వాడు దూరాన మాలమ్యైన్ ఊళ్ళో ఎవరి కొట్లోనో పనికి వెళ్ళాడని కూర్మనాథం వీధంతా చెప్పి ఉంచాడు. రోజూ ప్రాణం అరచేతిలో పెట్టుకునే బతికేవాడు గానీ, వీధిలో మాత్రం మీసం మీద చెయ్యేసి తిరిగేవాడు.

నెలాఖరులో ఒక పొద్దున్న భానుప్రియ కూరల బజారు నుంచి ఖాళీ సంచీతో పరిగెత్తుకొచ్చింది. వెనకాలే తల్లి. మెట్ల మీదే నలుగురూ ఎదురయ్యారు. బజారులో, అన్నయ్య జట్టులో ఎప్పుడో చూసిన ఒక పిల్ల చెవిలో చెప్పి పోయిందట. నిన్న తామ్వే పేటలో బారికేడు దగ్గర కాల్పులు జరిగాయి. బాబీ ఆర్ పోయాడు. శవాన్ని ఒక బౌద్ధమఠంలో దాచారు. మధ్యాహ్నంలోగా తల్లో తండ్రో వెళ్ళకపోతే సైనికులు పట్టుకుపోతారు, ఇక బూడిద కూడా దక్కదు. మోసుకొచ్చిన వాళ్ళకు ఆ పేరు, లమ్మడావాడన్న సంగతి తప్ప ఏమీ తెలియదు.

"మావయ్యా, బాబీ ఆర్ అంటే ఎవులు?" అని అడిగింది భానుప్రియ.

ఇద్దరు తల్లులూ కూర్మనాథం నోటివైపు చూస్తున్నారు. అతనికి ఆలోచించుకోవలసిన పనే లేకపోయింది. అయిదేళ్ళుగా బాబీ ఆర్‌ను తిట్టిపోస్తున్న కొడుకు, చావనైనా చస్తాడు గాని ఆ పేరు పెట్టుకోడు. మరి భాస్కరో? మావయ్య చెప్పిందే న్యాయమన్నవాడు. గుండె మీది నుంచి బండ దిగిపోయింది. ఆ దిగిపోవడం ముఖంలో కనబడకూడదని తల వంచుకున్నాడు.

"మావోడు కాదు," అన్నాడు. "మావోడు గ్రెట్‌స్కీ. బాస్కర్ గుంటడే ఎప్పుడూ నా పచ్చం మాటాడీవోడు."

సింహాచలమ్మ మెట్టు మీద కూర్చుండిపోయి, చీర చెంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి తనే లేచింది. కూర్మనాథం తోడు వస్తానన్నాడు. మగవాళ్ళు దొరికితే లారీ ఎక్కించేస్తున్నారని, తనూ కూతురూ అయితే ఎలాగో దాటుకుపోతామని ఆమె వారించింది. అతను రెండోసారి అడగలేదు. తోవలో సైనికులు ఫోన్లు లాక్కుని చూస్తున్నారని ఇద్దరూ ఫోన్లు ఇంట్లోనే పెట్టి, గుడికి వెళ్ళేవాళ్ళలా పూలబుట్ట పట్టుకుని వెళ్ళారు.

ఇంట్లోకి వచ్చాక సూర్యావతి భాస్కర్ కోసం వెక్కి వెక్కి ఏడ్చింది. తన చేతి ముద్ద తిన్న పిల్లాడు. మధ్యాహ్నం తిరిగాక కళ్ళు తుడుచుకుని బియ్యం కడిగింది. శవం లేచిన ఇంట్లో పొయ్యి వెలగదు, ఇరుగుపొరుగే వండి పట్టుకెళ్ళాలి. ఇన్ని తరాలుగా రంగంలో ఉన్నా తెలుగువాళ్ళు వదలని మర్యాద అది. వదిన పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదని, వచ్చేసరికి నాలుగు మెతుకులు వేడిగా ఉండాలని పప్పు ఒక పొయ్యి మీద, అన్నం ఒక పొయ్యి మీద పెట్టింది.

కూర్మనాథం టీ తాగాడు. బాగుంది ఆ టీ. చాలా రోజుల తర్వాత నాలికకు రుచి తెలిసింది. భాస్కర్ గుర్తొస్తే కళ్ళు చెమర్చేవి, ఆ తడి ఆరకముందే నావాడు ఉన్నాడు కదా అన్న సంతోషం లోపల్నుంచి ఎగదన్నుకొచ్చేది. తనమీద తనకే రోత పుట్టింది. సింహాద్రప్పన్న పటం ముందు నిలబడి మొక్కుకున్నాడు. వాడు క్షేమంగా ఇంటికొస్తే ఇక వాదనే లేదు, గ్రెట్‌స్కీయే గొప్పవాడని పదిమందిలో ఒప్పేసుకుంటాను స్వామీ అన్నాడు. కొడుకు ప్రాణానికి అంతకంటే పెద్ద మొక్కు అతనికి ఆ పూట తోచలేదు.

ఎండ వాలుతుండగా తల్లీకూతుళ్ళు తిరిగొచ్చారు. సింహాచలమ్మ తన అంతస్తుకు పోలేదు. వీళ్ళ గుమ్మం దాటి లోపలికొచ్చింది. సూర్యావతి గరిటె చేత్తోనే ఎదురెళ్ళి, వదినా అని పట్టుకోబోయింది. సింహాచలమ్మ ఆమెను తప్పించుకుని తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. పప్పు కింద మంట ఆర్పేసింది. అన్నం కింద మంట ఆర్పేసింది.

సూర్యావతికి అర్థమైపోయింది. గరిటె జారిపోయింది. గోడకు చేరగిలబడి, నోరు తెరుచుకుని, శబ్దం లేకుండా కిందికి జారింది. కూర్మనాథానికే ఇంకా అర్థం కాలేదు. అన్నం ఉడకలేదు కదమ్మా, ఎందుకు ఆర్పావని అడిగాడు.

"డిల్లీ, అన్నియ్యా," అంది సింహాచలమ్మ. "మన డిల్లీయే."

అతను కాదన్నాడు. పొరపాటు పడ్డావన్నాడు. వాడు గ్రెట్‌స్కీ అన్నాడు. పిచ్చివాడిలా అదే మాట మళ్ళీ మళ్ళీ అంటుంటే భానుప్రియ ఏడుస్తూ చెప్పింది. పేర్లు పంచుకున్న రోజు వాళ్ళకు టీ ఇవ్వడానికి వెళ్ళి తను అక్కడే ఉందట. ఎవరేది తీసుకున్నారో వినకుండా తనని బయటికి పంపేశారట. ఇవాళ మఠంలో, వాణ్ని మోసుకొచ్చిన కుర్రాడు చెప్పాడు. మొదటి పేరు గ్రెట్‌స్కీదే వచ్చింది. ఢిల్లీ దాన్ని భాస్కర్ మీదికి నెట్టేశాడు.

"బాబీ ఆర్ మా నాన్నది, దాన్ని ఇంకెవులూ ముట్టుకోకండి అన్నాడట మావయ్యా."

కూర్మనాథం రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఇన్నేళ్ళూ తండ్రి ముందు ఒక్కసారి తగ్గని వెధవ, తండ్రి వెనక ఇంత ప్రేమ దాచుకున్నాడు. పొద్దున్న మెట్ల మీద కన్నతండ్రి వాణ్ని కాదని పై ఇంటికి అంటగట్టాడు. ఊళ్ళో బాబీ ఆర్ గురించి తెలిసిన ఒకే ఒక్క మనిషి, బాబీ ఆర్ ఎవరో చెప్పలేకపోయాడు. ఆ పూటే తాను టీ తాగాడు.

సింహాచలమ్మ మిగిలింది చెప్పింది. వాళ్ళు వెళ్ళేసరికే సైనికులు మఠం గేటు దగ్గర లారీ పెట్టారు. ముఖం గుర్తుపట్టేలా లేదు. పాదాలు చూసి పోల్చుకుంది. చిన్నప్పుడు నూనె రాసిన పాదాలు, తెలియకపోవడం ఏమిటి? ఆఫీసరు నీ కొడుకేనా అన్నాడు. కాదు, పొరుగింటివాళ్ళబ్బాయి అంటే లారీ కదిలిపోతుంది. కబురంపడానికి చేతిలో ఫోను లేదు.

"నా కొడుకే అన్నాను. పేరేటి అన్నాడు. బాస్కర్ అన్నాను. బతికున్న నా కొడుకు పేరు నా నోటితోనే సవం మీద ఎట్టేను, ఒదినా. ఆడికేటవుద్దో నాకు తెల్దు. కాని డిల్లీని ఆలకి ఇడిసిపెట్టనేకపోనాను."

వాళ్ళు నమ్మారు. వెతుకుతున్నవాడే దొరికాడని సంబరపడి, ఊరేగింపు లేకుండా అప్పటికప్పుడే కాల్చెయ్యాలన్న షరతు మీద శ్మశానానికి తీసుకెళ్ళనిచ్చారు. సింహాచలమ్మ వాడి నోట్లో నీళ్ళు పోసింది. చెల్లెలిగా భానుప్రియ నిప్పు పెట్టింది. సైనికులు పక్కనే నిలబడి వింటున్నారు కనక ఇద్దరూ భాస్కరా, భాస్కరా అనే ఏడ్చారు.

మెట్ల మీద అడుగుల చప్పుడు మొదలైంది. కబురు తెలిసి వీధిలో జనం సింహాచలమ్మ ఇంటికి పైకి పోతున్నారు. ఆమె చెంగు బిగించి లేచింది. తాను పైకి వెళ్ళి అందరికీ నిజం చెప్పేస్తానంది. నీ బిడ్డను నువ్వు నీ గుమ్మంలో కూర్చుని నోరారా ఏడవాలి, అది నీ హక్కు, తర్వాత సైనికులు తనని ఏం చేసుకున్నా సరేనంది.

సూర్యావతి ఆమె కొంగు పట్టుకుని ఆపింది. పట్టుకున్నది ఏడవడానికి అనుకున్నాడు కూర్మనాథం. కాదు.

"బాస్కర్ ఎక్కడున్నాడు?"

సరిహద్దు దాటించడానికి ఎవరో తీసుకెళ్ళారని, ఇంకా తోవలోనే ఉంటాడని భానుప్రియ చెప్పింది.

"అయితే ఆడు సచ్చిపోనాడనే ఉండనీ," అంది సూర్యావతి. "దాటీ వరకూ ఉండనీ."

గోడ పట్టుకుని లేచింది. కొడుకు పోయిన తల్లి తన చేత్తో తన పొయ్యి మళ్ళీ వెలిగించింది. అన్నం ఉడికేదాకా దాని ముందే నిలబడింది. ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదని వీధిలో ఒక్కరు పసిగట్టినా చాలు, అందుకని పప్పులో పోపు కూడా వేసింది, నాలుగు గుమ్మాల అవతలికి వాసన తెలిసేలా. పోపు చిటపటల మధ్య ఆమె నోటి నుంచి ఏవో మూలుగులు వచ్చాయి. కూర్మనాథం వెళ్ళి వెనక నిలబడ్డాడు. ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు.

అన్నం గిన్నె ఆమె, పప్పు గిన్నె అతను పట్టుకుని పైకి వెళ్ళారు. సింహాచలమ్మ ఇల్లు నిండిపోయింది. అట్ల బండి దగ్గర తినేవాళ్ళు, గుడి కమిటీవాళ్ళు, కింది అంతస్తు బర్మా ఆడవాళ్ళు. సూర్యావతి గిన్నె దించి సింహాచలమ్మ మెడ పట్టుకుని ఘొల్లుమంది. ఓరి నా బాస్కరా, నా నాయినా, నువ్వు సేతికొచ్చీవరకూ పెంచుకున్నానురా అని గుండెలు బాదుకుంది. ప్రతిసారీ డ అన్న అక్షరం నాలిక చివరిదాకా వచ్చేది, పళ్ళు బిగించి దాన్ని మింగి మళ్ళీ భాస్కరా అనేది. సొంత మేనత్తయినా ఇంతలా ఏడవదని ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు.

కూర్మనాథం మగవాళ్ళలో చాప మీద కూర్చున్నాడు. ఏడిస్తే తప్పులేని చోటు అది ఒక్కటే కనక ఏడ్చాడు. గుడి కమిటీ ధర్మారావు అతని భుజం మీద చెయ్యేసి, కన్నతండ్రి లేని లోటు తీర్చావని మెచ్చుకున్నాడు. ఇంతలో వార్డు అధికారి వచ్చాడు. సైన్యం పెట్టిన మనిషి. గోడ మీది భాస్కర్ ఫొటో చూశాడు, దండ ఇంకా వేయలేదేమని అడిగాడు. భానుప్రియ పూలబుట్టలో మిగిలిన మల్లెదండ తీసి అన్నయ్య ఫొటోకు వేసింది. సింహాచలమ్మ కళ్ళు మూసుకుంది.

అధికారి చాప మీది మగవాళ్ళను ఒక్కొక్కరినే చూస్తూ కూర్మనాథం దగ్గర ఆగాడు.

"ఊ కూర్మా, ఈ కుర్రాడూ మీవాడూ జంటగా తిరిగేవారు కదా. మీవాడెక్కడ?" అని, పెద్దవాళ్ళను పిలిచే 'ఊ' చేర్చి, బర్మా భాషలో అడిగాడు.

కూర్మనాథం కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"మాలమ్యైన్‌లో పనిలో ఉన్నాడు," అన్నాడు. "నిన్ననే ఫోన్ చేశాడు. బాగున్నాడు."

ఆడవాళ్ళ మధ్యలో సూర్యావతి ఏడుపు ఆగింది. తలెత్తి, నిజమేనేమో అన్నట్టు ఒక్క క్షణం మొగుడి ముఖంలోకి చూసింది.